గుడ్లాయన, అత్తగారి ఆకు టీ

వీధిలో ఆయన్ని గుడ్లాయన అంటారు. ఆయన గుడ్లు అమ్మడు. ఇంట్లో కోళ్ళూ లేవు. విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర విభాగం వెనక గదిలో గుడ్లు పొదిగే పెట్టెలు కొన్ని ఉన్నాయి, వాటి ఆలనాపాలనా చూడటం ఆయన ఉద్యోగం. పెట్టెలో వేడి పెరగకుండా, తగ్గకుండా కనిపెట్టుకుని ఉండాలి. అడుగున పళ్ళెంలో నీళ్ళు ఎండిపోకుండా పోస్తుండాలి. పొద్దునా సాయంత్రమూ గుడ్లన్నిటినీ మెల్లగా పక్కకి తిప్పాలి. తిప్పకపోతే లోపలున్న పిండం పెంకుకి అతుక్కుపోతుంది. పెట్టకోడి ఊరికే చేసే పనికి ఈయనకి పింఛను కూడా వస్తుందని విభాగంలో ఒక పాత జోకు. దానికి ఆయన తప్ప అందరూ నవ్వుతారు.

తన దృష్టిలో తాను సగం శాస్త్రవేత్త. తక్కిన సగం కాకపోవడానికి చదివించే దిక్కు లేకపోవడమే కారణమని పెళ్ళికి ముందే కాబోయే భార్యతో చెప్పాడు. పెళ్ళయ్యాక కూడా చెప్పడం ఆపలేదు. "మా సైన్సులో ఏమంటారంటే" అని ఆయన మొదలుపెట్టగానే ఆవిడ కుట్టుమిషను గట్టిగా తొక్కుతుంది. బడిపిల్లల చొక్కాలకి కాలర్లు కుట్టడం ఆవిడ పని. ఆ ఇంట్లో సైన్సుకీ కుట్టుమిషనుకీ ఎప్పుడు పోటీ వచ్చినా మిషనే గెలిచేది.

ఆయనకి నిజంగా వచ్చిన విద్యలు రెండు. ఒకటి, గది తలుపులు మూసి, గుడ్డుని చిన్న దీపం ముందు పట్టుకుని లోపల ఏం జరుగుతోందో చూడటం. బతికున్న గుడ్డులో ఎర్రటి నరాలు సాలెగూడులా పరుచుకుని ఉంటాయి, మధ్యలో చుక్కంత గుండె కొట్టుకుంటూ ఉంటుంది. పోయిన గుడ్డులో నరాలు చెదిరిపోయి ఒక ఎర్రటి ఉంగరం లాంటి గీత మిగులుతుంది. రెండో విద్య, గుడ్డు మీద గుర్తు పెట్టడం. పెన్సిల్‌తోనే పెట్టాలి, పెన్ను పనికిరాదు. పెంకుకి కంటికి కనపడని రంధ్రాలుంటాయి, సిరా లోపలికి దిగిపోతుంది. కొత్తగా చేరిన విద్యార్థి ఎవరైనా గుడ్డు దగ్గర పెన్ను తీశాడా, గుడ్లాయన పూనకం వచ్చినట్టు ఊగిపోయేవాడు. పై అధికారి ఎదుట ఏనాడూ లేవని గొంతు ఆ ఒక్క విషయంలో లేచేది.

అలాంటి మనిషి భార్య కడుపుతో ఉంది. ఇది రెండోసారి. మొదటిసారి నిలవలేదు. ఆ సంగతి వాళ్ళిద్దరూ మాట్లాడుకోరు. మాట్లాడుకోకపోయినా అది ఇంట్లోనే ఉంది, చుట్టి అటక మీద పెట్టిన పరుపులాగా. ఈసారి బిడ్డ నిలవాలి, అంతే. ఆయనకి ఇంకే కోరికా లేదు. ప్రమోషను రాకపోయినా ఫరవాలేదని ఒకరోజు తనంతట తానే అనుకున్నాడంటే, ఆయన ఎంత భయపడి ఉన్నాడో అర్థం చేసుకోవచ్చు.

డాక్టరమ్మ అంతా బాగుందని చెప్పింది. బాగుందంటే ఊరుకునే రకమా! పెట్టెల పద్ధతులన్నీ ఇంట్లో మొదలుపెట్టాడు. సెలవు రోజు మధ్యాహ్నం భార్య కాస్త నడుం వాలిస్తే చాలు, వచ్చి భుజం తట్టేవాడు.

"ఏమేవ్, ఇటు తిరుగు. ఇందాకట్నుంచీ ఒకే పక్కన పడుకున్నావు."

"నిద్రపోతున్నానండీ."

"నిద్రపో, నేనొద్దన్నానా? తిరిగి నిద్రపో. అతుక్కుపోతుంది."

"ఏం అతుక్కుపోతుంది?"

"మా సైన్సులో ఏమంటారంటే..."

"నన్నూ ఒక పెట్టెలో పెట్టి, కాళ్ళ దగ్గర నీళ్ళ పళ్ళెం పెట్టండి. ఓ పనైపోతుంది!"

అంతటితో ఆగాడా? ఒకనాడు గది కిటికీలు మూసి, పడుకున్న భార్య పొట్ట మీద టార్చిలైటు ఆనించి, ఒంగి చూశాడు. ఏమీ కనపడలేదు. "పెంకు మందం" అని గొణుక్కున్నాడు. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని అత్తగారు లోపలికొచ్చింది. ఊరినుంచి అప్పుడే దిగింది, చేతిలో సంచీ ఇంకా కింద పెట్టలేదు.

"అల్లుడుగారూ! కరెంటు ఉందిగా! ఏం పోయిందని వెతుకుతున్నారు?"

"ఉంగరం" అన్నాడాయన, టార్చి ఆర్పేస్తూ. ఆ మాటే ఎందుకు నోటికొచ్చిందో ఆయనకి మాత్రమే తెలుసు. పాపం ఆవిడ సంచీ పక్కన పడేసి, చీపురు తీసుకుని, మంచం కిందా బీరువా కిందా సాయంత్రం దాకా ఉంగరం వెతికింది. ఆ ఇంట్లో ఉంగరమే లేదు.

అత్తగారు ఒక బడిలో ఏళ్ళ తరబడి గంట కొట్టి, ఈమధ్యనే రిటైరైన మనిషి. గంట చేతిలోంచి పోయింది గానీ గొంతులోంచి పోలేదు. ఆవిడ "మంచినీళ్ళు" అంటే పక్కింటివాళ్ళు కూడా లేచేవారు. మర్నాడు పొద్దున్నే సంచీలోంచి ఒక గుడ్డమూట తీసింది. దాన్నిండా ఎండు ఆకులు, ఏవో పూలు, చెక్కలు, వేళ్ళు. ఆవిడకి ఆవిడ అత్తగారిచ్చిందట, ఆ అత్తగారికి వాళ్ళ అత్తగారిచ్చిందట. లోపల ఏమేం ఉన్నాయో ఎవరికీ తెలియదు. పేరు కూడా లేదు, మూటాకు అంటారు. కడుపుతో ఉన్నవాళ్ళకి పట్టిస్తే బిడ్డ రాయిలా పుడతాడని నమ్మకం. దాన్ని నల్లగా చిక్కగా మరిగించి, పొద్దునా మధ్యాహ్నమూ సాయంత్రమూ గంట కొట్టినట్టు గ్లాసు తెచ్చి కూతురి మిషను మీద పెట్టేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే విభాగంలో మేడం కొత్త ప్రయోగం మొదలుపెట్టింది. మేడం అంటే పరిశోధన చేసే అమ్మాయి. ఆయనకన్నా చాలా చిన్నది, ఎప్పుడూ నిద్ర చాలని కళ్ళతో తిరిగేది. పెట్టె మీద పువ్వుల బొమ్మ వేసి, ఒంటికి మంచిదని రాసి, బజార్లో అమ్మే ఆకు టీలు రకరకాలున్నాయి కదా, అవి కడుపులో బిడ్డని ఏం చేస్తాయో చూడాలి. మనుషుల మీద చూడటం కుదరదు కాబట్టి కోడిగుడ్ల మీద చూడాలి. టీని మరిగించి సారం తీసి, గుడ్డు మొద్దువైపు సన్నటి రంధ్రం చేసి, సూదితో ఒక చుక్క లోపల వేసి, రంధ్రాన్ని మైనంతో మూసేస్తారు. కొన్ని గుడ్లకి టీ, కొన్నిటికి ఉత్త ఉప్పునీళ్ళు. ఉప్పునీళ్ళవి పోల్చి చూడటానికి. టీ గుడ్డు మీద పెన్సిల్‌తో ఇంటూ గుర్తు, నీళ్ళ గుడ్డు మీద సున్నా. మేడం తెప్పించిన టీ పెట్టెల్లో సగం విభాగం పెద్దాయన గదిలోకి నడిచి వెళ్ళిపోయాయి. ఆ పరిశోధన వల్ల లోకానికి ఏం ఒరిగిందో గానీ పెద్దాయనకి జలుబు తగ్గింది. ఆయన పేరు కూడా పరిశోధన పత్రంలో మొట్టమొదట ఉండబోతోంది; జలుబు సంగతి ఉండదు.

పలచటి టీ వేసిన గుడ్లు బాగానే ఉన్నాయి. చిక్కటి సారం వేసినవాటిలో కొన్ని మాత్రం వెనకబడ్డాయి. నరాలు సన్నగా, గుండె నీరసంగా. గుడ్లాయన దీపం ముందు ఇంటూ గుర్తున్న గుడ్డు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"మేడం, ఇదేంటి? నిన్నెలా ఉందో ఇవాళా అలాగే ఉంది."

"వెనకబడింది అన్నా. మోతాదు ఎక్కువైనట్టుంది."

"అంటే ఆకు టీ మంచిది కాదా?"

"అప్పుడే తొందరపడకండి. ఇది కోడిగుడ్డు. మందుని నేరుగా లోపల వేశాం. మనిషి తాగితే ఏమవుతుందో దీన్ని చూసి చెప్పలేం. తెలియనివి తాగకుండా జాగ్రత్తగా ఉండమని మాత్రం చెప్పొచ్చు."

ఆయన చెవిలో 'వెనకబడింది' అన్న ఒక్క మాటే పడింది. తక్కినదంతా బయటే ఉండిపోయింది. ఇంటికొచ్చి, అత్తగారు వంటింట్లో ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, భార్య చెవిలో గుసగుసగా చెప్పాడు.

"ఆ టీ తాగకే. మా గుడ్లు వెనకబడుతున్నాయి."

ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ తల ఎత్తలేదు. "అయితే అమ్మకి చెప్పండి."

"నువ్వు చెప్పు. నీ తల్లేగా."

"సైన్సు మీది కదండీ. నేను కాలర్లు కుట్టుకునేదాన్ని. నాకేం తెలుసు?"

ఆయన వంటింటి గుమ్మం దాకా వెళ్ళాడు. అత్తగారు గరిటె పట్టుకుని మరుగుతున్న గిన్నె ముందు నిలబడి ఉంది. ఆవిరిలో ఆవిడ మొహం యుద్ధానికి వెళ్తున్నట్టుంది.

"అత్తయ్యగారూ... మా సైన్సులో ఏమంటారంటే..."

"ఏమంటారు?" అంది గంట.

"ఆకు టీ... చాలా... శ్రద్ధగా మరిగించాలంటారు."

"ఆమాత్రం నాకు తెలీదా!"

వెనక గదిలో కుట్టుమిషను ఒక్కసారి గర్రుమని తిరిగింది. అది నవ్వే.

ఇక ఆయనకి దారి ఒకటే కనిపించింది. గ్లాసు తీసుకుని అత్తగారు బయల్దేరగానే ఎదురెళ్ళి, "మీరు కూర్చోండి, నేనిస్తాను" అని అందుకునేవాడు. గది తలుపు వెనక్కి వెళ్ళి, ముక్కు మూసుకుని, తానే గటగటా తాగేసేవాడు. ఖాళీ గ్లాసు తెచ్చి, "మొత్తం తాగేసింది అత్తయ్యగారూ" అనేవాడు. భార్య ఆ తలుపు పక్కనే కూర్చుని, అంతా చూస్తూ, ఒక్క మాట అనేది కాదు. ఆవిడ మౌనం చూసి, తన తెలివికి దిమ్మతిరిగి ఉంటుందని ఆయన అనుకునేవాడు.

పారబొయ్యొచ్చు కదా అంటారేమో. మోరీలో పోస్తే వాసన వస్తుంది, అత్తగారి ముక్కు గొంతుకంటే పెద్దది. మధ్యాహ్నం గ్లాసు కోసం విభాగం నుంచి సైకిలు తొక్కుకుంటూ ఎండలో పడి వచ్చేవాడు. తాగి, మూతి తుడుచుకుని, మళ్ళీ తొక్కుకుంటూ వెళ్ళేవాడు. వీధి చివర ఇస్త్రీ బండి ఆవిడ అత్తగారితో అననే అంది: "మీ అల్లుడు ఎంత ప్రేమగలవాడమ్మా! పెళ్ళాన్ని చూడకుండా పూట ఉండలేడు."

అత్తగారు కరిగిపోయింది. ఇన్నాళ్ళూ ఈ అల్లుణ్ణి నోట్లో నాలుక లేని మనిషనుకుంది, ఇలాంటి బంగారం అనుకోలేదు. ఆ సంతోషంలో మూటాకు పిడికెడుకి పిడికెడు ఎక్కువ వెయ్యడం మొదలుపెట్టింది. గ్లాసు పోయి చెంబు వచ్చింది.

ఆయనకి తలప్రాణం తోకకొచ్చింది. నాలుక మీద రుచి చచ్చిపోయింది. కూరలో ఉప్పు వేశారో పంచదార వేశారో తెలిసేది కాదు. కడుపులో ఏదో బండి నడుస్తున్నట్టుండేది. గుడ్లు తిప్పుతూ తిప్పుతూ మధ్యలో ఆపేసి వరండా చివరికి పరుగెత్తేవాడు. "ఏంటన్నా, ఒంట్లో బాలేదా?" అని మేడం అడిగితే, "ప్రయోగంలో ఉన్నాను" అని పరుగులోనే జవాబిచ్చేవాడు.

చివరికి ఒక ఆలోచన వచ్చింది. నోటితో చెప్పలేనిది గుడ్డుతో చెప్పిస్తే సరి. ఒకరోజు చెంబులోది సగమే తాగి, సగం సీసాలో పోసుకుని విభాగానికి తెచ్చి, మేడం కాళ్ళావేళ్ళా పడ్డాడు. మేడం ముందు ఒప్పుకోలేదు. ఆయన వాలకం చూసి జాలిపడి, మూలన పడి ఉన్న పాత చిన్న పెట్టె, మిగిలిపోయిన కొన్ని గుడ్లు ఇచ్చింది. "పద్ధతి మాత్రం తప్పకూడదు అన్నా. కొన్నిటికి మీ టీ, కొన్నిటికి ఉప్పునీళ్ళు" అని తానే దగ్గరుండి చుక్కలు వేయించింది. ఆయన పెన్సిల్ చెక్కి, ఇంటూలూ సున్నాలూ ముత్యాల్లా గీశాడు.

అప్పట్నుంచి ఆయన ఆ పాత పెట్టెని వదల్లేదు. పెద్ద పెట్టెల్లో గుడ్లని రోజుకోసారి దీపం ముందు చూస్తే ఎక్కువ. ఈ పెట్టె తలుపు మాత్రం వస్తూపోతూ తీసేవాడు. పళ్ళెం మొత్తం బయటికి లాగి బల్ల మీద పెట్టి, ఇంటూ గుడ్లని ఒక్కొక్కటీ దీపం ముందు పట్టుకుని, గుండె కొట్టుకుంటోందా లేదా అని చూసేవాడు. కొట్టుకుంటుంటే హమ్మయ్య అనుకునేవాడు. లోపల పెట్టేవాడు. నీళ్ళ పళ్ళెం నింపేసరికి మళ్ళీ అనుమానం వచ్చేది, మళ్ళీ తీసేవాడు. అత్తగారి టీ చెడ్డదని తేలాలని ఒక మనసు. తేలితే, అది ముందు కొన్నాళ్ళు భార్య తాగిందే కదా, అప్పుడేంటి గతి అని ఇంకో మనసు. రెండు మనసులూ కలిసి ఆయన చేత పెట్టె తలుపు తీయించేవి.

ఒక ఉదయం ఇంటూ గుడ్లన్నిటిలోనూ ఉంగరం కనిపించింది. ఒక్కటి మిగల్లేదు.

ఆయన ఇంటికి ఎలా వచ్చాడో ఆయనకే తెలియదు. సైకిలు అక్కడే మర్చిపోయాడు. గుమ్మంలో అడుగుపెట్టేసరికి అత్తగారు చెంబుతో ఎదురొచ్చింది.

"వచ్చారా! ఇదిగో, వేడివేడిగా..."

"కింద పెట్టండి" అన్నాడు.

ఆ గొంతు పెన్ను తీసిన విద్యార్థులకి తప్ప లోకానికి తెలియని గొంతు. లోపల కుట్టుమిషను ఆగిపోయింది. ఆయన మాటకి మిషను ఆగడం ఆ ఇంట్లో అదే మొదలు.

"మీ టీ నా భార్య తాగడానికి వీల్లేదు! మా పెట్టెలో గుడ్లకి పోశాను. అన్నీ చచ్చాయి. అన్నీ! ఇంక ఒక్క చుక్క కూడా... మీరు నన్నేమన్నా అనుకోండి... ఒక్క చుక్క కూడా..." అని, అక్కడే ఉన్న చొక్కాల కట్ట మీద కూలబడ్డాడు.

అత్తగారు చెంబు కింద పెట్టింది. మొహం తెల్లబోయింది. సంచీ చేతపట్టుకుని, ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో, "పదండి, నాకు చూపించండి" అంది.

మేడం గదిలోనే ఉంది. విషయం విని, దీపం వెలిగించి, ఇంటూ గుడ్లని వరసగా చూసింది. "నిజమే, పోయాయి" అంది. అత్తగారు బల్ల అంచు పట్టుకుంది.

"మరి సున్నాలు ఎలా ఉన్నాయి?" అంది మేడం.

"ఏ సున్నాలు?"

"ఉప్పునీళ్ళవి అన్నా. పోల్చడానికి పెట్టాంగా."

"వాటికేం, అవి ఉత్త నీళ్ళవే కదా అని... చూళ్ళేదు."

మేడం ఒక సున్నా గుడ్డు తీసి దీపం ముందు పెట్టింది. ఉంగరం. ఇంకోటి తీసింది. ఉంగరం. ఇంకోటి. అన్నిటిలోనూ అదే.

అత్తగారు మెల్లగా బల్ల అంచు వదిలింది. "ఉండుండు తల్లీ. వీటికి నా టీ వెయ్యలేదా?"

"లేదండీ."

"ఇవీ పోయాయి."

"పోయాయి."

"అయితే తప్పు టీది కాదు." గంట మళ్ళీ గొంతులోకి వచ్చేసింది. "మరెవరిది?"

మేడం పాత పెట్టె తలుపు వైపు చూసింది. దాని పిడి అరిగి మెరుస్తోంది. "అన్నా, రోజుకి ఎన్నిసార్లు తీశారు?"

"అప్పుడప్పుడూ..."

"పళ్ళెం మొత్తం బయటికి లాగి?"

"చూడాలి కదా మేడం! బతికున్నాయో లేదో చూడొద్దా?"

"మీరు చూడబట్టే పోయాయి. చల్లబడిపోయాయి" అంది మేడం. ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు, దాంతో ఆయనకి మరీ ప్రాణం పోయినట్టయింది. "ఈ గుడ్లు మీ టీ మంచిదనీ చెప్పవు, చెడ్డదనీ చెప్పవు పెద్దమ్మా. కానీ లోపల ఏం ఆకులున్నాయో మీకే తెలియదని అన్న చెప్పారు. నేను చిక్కటి సారం వేసిన వేరే గుడ్లు కొన్ని నిజంగానే వెనకబడ్డాయి. తెలియనిది కడుపుతో ఉన్నమ్మాయికి ఎందుకు? డాక్టరుని అడగండి."

మేడం పెద్ద పెట్టెలోంచి ఒక గుడ్డు తీసింది. దాని పెంకులో చిన్న కిటికీలా కోసి, పారదర్శకంగా ఉండే టేపు అంటించి ఉంది. "చూడండి" అని అత్తగారి ముందు పట్టుకుంది. లోపల ఎర్రటి దారాల మధ్య ఒక చుక్క. చుక్క కదులుతోంది. ఆగకుండా, తొందర లేకుండా.

ఆవిడ చాలాసేపు చూసింది.

"కొట్టేవాళ్ళు లేకుండానే కొట్టుకుంటోందే తల్లీ" అంది.

దారిలో ఇద్దరూ సైకిలు నడిపించుకుంటూ వచ్చారు. ఆయన ఒక పక్క, ఆవిడ ఒక పక్క. సగం దూరం వచ్చాక ఆవిడ అంది: "అల్లుడుగారూ, ఒక మాట. ఆ మూటాకు టీ నేనెప్పుడూ తాగలేదు."

ఆయన సైకిలు ఆపేశాడు.

"మా అత్త అటు తిరగ్గానే కిటికీలోంచి పారబోసేదాన్ని. యాక్, ఆ చేదు ఎవడు తాగుతాడండీ!"

ఆ చేదు ఇంకా ఆయన గొంతులోనే ఉంది. "మరి అమ్మాయికి ఎందుకు పెట్టారు?"

"పోయినసారి నేను రాలేకపోయాను. సెలవు దొరకలేదు. ఆ కబురు వచ్చినరోజు కూడా సాయంత్రం గంట కొట్టే బయల్దేరాను. ఈసారి ఊరికే చేతులు ముడుచుకు కూర్చోమంటే నావల్ల కాదు. పొయ్యి దగ్గర నిలబడి ఏదో ఒకటి మరిగిస్తుంటే భయం కాస్త తగ్గుతుంది." కాసేపు నడిచి, "మీరు ఆ తలుపు ఊరికే ఎందుకు తీశారు? అదీ ఇంతేగా" అంది.

ఆయన అత్తగారి చేతిలో సంచీ తీసుకుని సైకిలు హ్యాండిలుకి తగిలించాడు.

ఇంటికొచ్చేసరికి భార్య కాలరు మీద బొత్తాం కుడుతూ కూర్చుని ఉంది. తల్లి ఆవిడ పక్కన చతికిలబడి, "ఇంక ఆ టీ వద్దులేవే. డాక్టరమ్మని అడుగుదాం. ఇన్నాళ్ళూ తాగింది చాలు" అంది.

"నేను తాగితేగా" అంది కూతురు, దారం పళ్ళతో తెంపుతూ.

"ఏంటీ?"

"ఒక్క చుక్క తాగలేదమ్మా. మొదట్లో నువ్వటు వెళ్ళగానే స్నానాల గదిలో పోసేసి సబ్బునీళ్ళు కొట్టేదాన్ని. తర్వాత ఆ అవసరం కూడా రాలేదు."

"మరి చెంబులు చెంబులు ఖాళీ అయ్యాయే! ఎవరు తాగారు?"

కూతురు మొగుడి వైపు చూసింది. తల్లి కూడా చూసింది. ఆయన గోడ వైపు చూశాడు. తెలిసినంతవరకూ, అత్తల నుంచి కోడళ్ళకి, తల్లి నుంచి కూతురికి వచ్చిన ఆ మూటాకుని మనస్ఫూర్తిగా తాగిన మనిషి ఆయనొక్కడే.

"ముందే చెప్పొచ్చుగా!" అన్నాడు, ఏడుపు గొంతుతో.

"మా అమ్మ ఎదుట మీరు ఒక్కమాటైనా అంటారేమో చూద్దామని. ఇవాళ అన్నారుగా." ఆవిడ కుట్టిన చొక్కా ఆయన మొహం మీదికి విసిరింది. "అనగానే నాకు ఏడుపొచ్చింది, తెలుసా?"

అత్తగారు నవ్వడం మొదలుపెట్టింది. అది ఆఖరి గంట కొట్టినట్టు వీధంతా వినిపించింది. ఇస్త్రీ బండి ఆవిడ పెట్టె పక్కన పెట్టి మరీ వచ్చి తొంగిచూసింది.

డాక్టరమ్మ మూట విప్పి వాసన చూసి, తుమ్మి, "ఇది ఎవరూ తాగకండి" అంది. "నేను తాగానండీ" అని గుడ్లాయన అనబోతే భార్య కాలు తొక్కింది. ఇంట్లో ఆవిడ ఒకే ఒక్క నియమం పెట్టింది: తాను పడుకున్నప్పుడు ఇద్దరిలో ఎవరూ తలుపు తీయకూడదు. దాంతో మధ్యాహ్నాలు అల్లుడూ అత్తగారూ మూసిన తలుపుకి చెరో పక్కన కూర్చుని, పని లేని చేతులని ఏం చెయ్యాలో తెలియక బొత్తాలు ఏరేవారు. ఒకరు పిడి మీద చెయ్యి వెయ్యబోతే రెండోవారు గట్టిగా దగ్గేవారు.

ఆసుపత్రిలో కూడా అలాగే ఒక మూసిన తలుపు బయట నిలబడ్డారు. ఆయన కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, "తలుపు తోయకండి అల్లుడుగారూ, లోపలికి చల్లగాలి పోతుంది" అంది అత్తగారు, తానే తలుపుకి చెవి ఆనించి. లోపల్నుంచి ఏడుపు వినిపించింది. గంటలాంటి ఏడుపు. అది ఎవరి పోలికో వేరే చెప్పక్కర్లేదు.

నర్సు ఆడపిల్లని గుడ్డలో చుట్టి తెచ్చింది. తల్లి బాగుందని చెప్పి, బిడ్డ కాలికి కట్టిన పట్టీ మీద పేరు రాయడానికి జేబులోంచి పెన్ను తీసింది.

"పెన్ను వద్దు!" అని గుడ్లాయన అరిచిన అరుపుకి వరండాలో కూర్చున్నవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. "పెన్సిల్‌తో రాయాలమ్మా! సిరా లోపలికి దిగుతుంది!"

నర్సు బిత్తరపోయింది. "ఎవరండీ ఈయన?"

"మా అల్లుడు. శాస్త్రవేత్త" అంది అత్తగారు, ఆయన చొక్కా జేబులోంచి పెన్సిల్ తీసి అందిస్తూ. "రాయి తల్లీ, దీంతోనే రాయి."